రాకెట్ చదువు, మన పిల్లలు, మన బాధ్యత

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో విద్యా సహాయ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం ఈ సభలో మా కమిటీ జమాఖర్చులు చదివి వినిపించడం ఆనవాయితీ. ఈసారి ఆ పట్టికలు సంచికలో విడిగా ఇచ్చాం కనుక వాటిని మళ్లీ చదవడం లేదు. మాకు కేటాయించిన సమయాన్ని ఒకే ఒక చదువు గురించి చెప్పడానికి వాడుకుంటాం. అది ఏరోస్పేస్ ఇంజనీరింగ్. మామూలు మాటల్లో చెప్పాలంటే విమానాలు, రాకెట్లు, ఉపగ్రహాలు తయారుచేసే విద్య. నాలుగేళ్ల బీటెక్.

ఈ చదువునే ఎందుకు ఎంచుకున్నామంటే, మా దగ్గరకు వచ్చే దరఖాస్తుల్లో ఆ మాట ఇప్పుడు కనిపిస్తోంది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగిన సాయంత్రం టీవీల ముందు కూర్చున్న బడిపిల్లలు ఇప్పుడు కాలేజీల వయసుకు వచ్చారు. దరఖాస్తు చూసిన దాతలు మమ్మల్ని అడిగే ప్రశ్నలు మూడు. ఈ చదువేమిటి? చదివితే ఉద్యోగం దొరుకుతుందా? ఒక్క పిల్లవాడి మీద నాలుగేళ్లు పెట్టే డబ్బుతో ఐటీఐ, పాలిటెక్నిక్ చదివే పిల్లలు ఎందరికో సహాయం చేయవచ్చు గదా, ఇది న్యాయమేనా? మూడూ అడగవలసిన ప్రశ్నలే. మూడింటికీ దాచకుండా జవాబు చెప్పడం మా విధి.

ముందుగా మన ఊరి సంగతి. శ్రీహరికోట మనకు సుమారు వంద కిలోమీటర్లు. 2022లో జిల్లాలు విడదీసేదాకా అది మన నెల్లూరు జిల్లాలోదే. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. అప్పటి నుంచి మూడు తరాలుగా మన పిల్లలు మిద్దెలెక్కి ఆకాశంలో ఆ తెల్లటి పొగచారను చూస్తున్నారు. ఆ చోటును ఎందుకు ఎంచుకున్నారో తెలిసినవారు తక్కువ. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. శ్రీహరికోట ఉన్నచోట ఆ తిరుగుడు వేగం సెకనుకు సుమారు 450 మీటర్లు. తూర్పు ముఖంగా ఎగిరే రాకెట్‌కు ఆ వేగం ఉచితంగా కలిసివస్తుంది. తూర్పున అంతా సముద్రమే కనుక, కాలిపోయిన భాగాలు రాలినా జనం మీద పడవు. మన వాకిట్లోనే ఇంత ఉంది. మన పిల్లల్లో ఎక్కువమంది దాన్ని మిద్దె మీద నుంచి చూసే దగ్గరే ఆగిపోతున్నారు.

ఆగిపోవడానికి కారణం తెలివి లేకపోవడం కాదు. దీనికి పెద్ద సాక్ష్యం మన దేశపు మాజీ రాష్ట్రపతి డాక్టర్ ఏపీజే అబ్దుల్ కలామ్ గారి జీవితమే. ఆయన తిరుచిరాపల్లి సెయింట్ జోసెఫ్ కాలేజీలో భౌతికశాస్త్రం చదివి, తర్వాత మద్రాసు క్రోంపేటలోని మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి దరఖాస్తు పెట్టారు. సీటు వచ్చింది. చేరడానికి సుమారు వెయ్యి రూపాయలు కావాలి. రామేశ్వరంలో పడవ నడిపించే తండ్రి దగ్గర అంత డబ్బు లేదు. అక్క జోహరా తన బంగారు గాజులు, గొలుసు కుదువ పెట్టి ఆ డబ్బు సమకూర్చారు. ఈ సంగతి ఆయనే తన ఆత్మకథ ‘వింగ్స్ ఆఫ్ ఫైర్’లో రాసుకున్నారు. ఆ కథ మనలో చాలామందికి తెలుసు. దాని నుంచి అక్క త్యాగాన్ని తీసుకుంటాం, పిల్లవాడి పట్టుదలను తీసుకుంటాం. మా కమిటీ దాని నుంచి ఇంకొక సంగతి తీసుకుంది. ఆ వెయ్యి రూపాయలు చేరవలసిన రోజుకు చేరాయి. ఆరు నెలల తర్వాత రెండు వేలు వచ్చి ఉంటే వాటి వల్ల ఆ సీటు దక్కేది కాదు. ఈ రోజు మేం చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే. చదువుకు ఇచ్చే సహాయంలో మొత్తం ఎంత ముఖ్యమో, అది చేరే తేదీ అంతకన్నా ముఖ్యం. మొదలుపెట్టిన సహాయం చివరి సంవత్సరం దాకా ఆగకుండా ఉండడం మరీ ముఖ్యం.

ఇప్పుడు మొదటి ప్రశ్న: ఈ చదువేమిటి?

మన ఇళ్లలో మూడు వేర్వేరు సంగతులు ఒకటిగా కలిసిపోయి వినిపిస్తుంటాయి. విమానం నడిపే పైలట్ శిక్షణ ఒకటి. దానికి కమర్షియల్ లైసెన్సు కావాలంటే 200 గంటలు ఎగరాలి, ఖర్చు చాలా పెద్దది. విమానాల మరమ్మతు, తనిఖీ చేసే ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజనీర్ లైసెన్సు రెండోది. అది పౌర విమానయాన డైరెక్టరేట్ ఇచ్చే లైసెన్సు, డిగ్రీ కాదు. మూడోది మేం చెబుతున్న బీటెక్. వాతావరణంలో ఎగిరేవాటికి మాత్రమే పరిమితమైతే ఏరోనాటికల్ అంటారు. దాన్నీ, వాతావరణం దాటి వెళ్లే రాకెట్లు, ఉపగ్రహాలనూ కలిపితే ఏరోస్పేస్. మూడూ గౌరవమైన దారులే. కానీ ఒకటి అనుకుని మరొకదానిలో ఫీజు కట్టినవారు ఉన్నారు. అందుకే ఈ తేడా ముందుగా చెబుతున్నాం.

నాలుగేళ్లలో ఏం నేర్పుతారు? మొదటి సంవత్సరం గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్ ప్రోగ్రామింగ్, ఇంజనీరింగ్ డ్రాయింగ్, వర్క్‌షాప్. తెలుగు లేదా ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలు అక్కడే తడబడతారు. లెక్క తెలియక కాదు, ఇంగ్లిషులో వేగంగా సాగే పాఠం అందక. రెండో సంవత్సరం వేడి శక్తిగా మారే తీరు, గాలి, నీరు ప్రవహించే తీరు, లోహం బరువుకు వంగే తీరు. మూడో సంవత్సరం అసలు విషయంలోకి వెళతారు. రెక్క మీద గాలి ఎలా పారుతుంది, ఇంజను ఎలా తోస్తుంది, ఎగిరే వస్తువు తలకిందులు కాకుండా ఎలా నిలుస్తుంది అన్నవి. నాలుగో సంవత్సరం డిజైన్ ప్రాజెక్టు, ఏదైనా ప్రయోగశాలలో శిక్షణ.

ఈ పాఠాలు మన చరిత్రకు కొత్తవి కావు. తొమ్మిదో శతాబ్దంలో స్పెయిన్‌లోని కొర్డోబాలో అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ అనే పండితుడు ఈకలతో రెక్కలు కట్టుకుని ఎగరబోయాడు. కొంతదూరం గాలిలో వెళ్లాడనీ, దిగేటప్పుడు దెబ్బతిన్నాడనీ, తోక అమర్చకపోవడమే అందుకు కారణమనీ తర్వాతి చరిత్రకారుడు అల్ మఖ్ఖరీ రాశాడు. తోక ఏం చేస్తుందన్నది నేడు మూడో సంవత్సరంలో ఒక పూర్తి పాఠం. విమానం ముక్కు పైకి లేచినా కిందికి వాలినా దాన్ని మళ్లీ సమంగా తెచ్చేది తోక మీది చిన్న రెక్కే. చంద్రుడి మీద ఒక గుంటకు ఇబ్న్ ఫిర్నాస్ పేరు పెట్టారు.

అలాగే టిప్పు సుల్తాన్ రాకెట్లు. అంతకుముందు రాకెట్లను కాగితంతోనో వెదురుతోనో చేసేవారు. మైసూరువారు ఇనుప గొట్టం వాడారు. ఇనుము ఎక్కువ ఒత్తిడిని తట్టుకుంటుంది కనుక మందు గట్టిగా కూరవచ్చు, రాకెట్ దూరం పోతుంది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయిన తర్వాత ఇంగ్లీషువారు ఆ రాకెట్లను తమ దేశానికి తీసుకెళ్లి పరీక్షించారు, విలియం కాంగ్రీవ్ వాటిని చూసి కొత్తవి తయారు చేశాడు. అమెరికాలోని వాలప్స్ కేంద్రానికి శిక్షణకు వెళ్లిన కలామ్ గారు అక్కడి గోడ మీద టిప్పు సేన రాకెట్లు వదులుతున్న చిత్రం చూశానని రాసుకున్నారు. ఒత్తిడిని తట్టుకునే తొడుగు ఎంత బలంగా ఉండాలి, ఎంత తేలికగా ఉండాలి అన్న లెక్కే నేటికీ రాకెట్ ఇంజనీరు ముందున్న లెక్క. ఉపగ్రహం కక్ష్యలో నిలవాలంటే సెకనుకు దాదాపు 8 కిలోమీటర్ల వేగం అందుకోవాలి. పనికిరాని ప్రతి గ్రామూ ఆ వేగానికి అడ్డే.

కలామ్ గారు ప్రాజెక్టు డైరెక్టరుగా చేసిన ఎస్ఎల్‌వీ-3 పొడవు 22 మీటర్లు, బరువు 17 టన్నులు. అది పైకి మోయగలిగింది సుమారు 40 కిలోల ఉపగ్రహాన్ని. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి జరిగిన మొదటి ప్రయోగం విఫలమైంది. 1980 జూలై 18న అదే చోటు నుంచి రోహిణి కక్ష్యలోకి చేరింది. ఆ తర్వాత ఆయన 1982లో హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాలకు వచ్చారు. అక్కడ క్షిపణుల కోసం తయారైన తేలికైన పదార్థాన్ని నిమ్స్ ఆసుపత్రి ఎముకల డాక్టరు ఒకరు చూశారు. పోలియో వచ్చిన పిల్లలు అప్పటిదాకా కాళ్లకు మూడు కిలోల ఇనుప కాలిపర్లు తగిలించుకుని ఈడ్చుకుంటూ నడిచేవారు. కలామ్ గారి బృందం వాటిని సుమారు 300 గ్రాములకు తగ్గించింది. ‘రాకెట్ చదువు పేదవాడికి ఏం పెడుతుంది’ అని అడిగేవారికి మేం చెప్పే జవాబు ఆ 300 గ్రాములే.

ఇక రెండో ప్రశ్న: ఎక్కడ చదవాలి, ఉద్యోగం ఎక్కడ?

మొదటి దారి తిరువనంతపురంలోని ఐఐఎస్‌టీ. 2007లో కేంద్ర అంతరిక్ష శాఖ కింద మొదలైంది. దాని తొలి ఛాన్సలర్ కలామ్ గారే. ఏరోస్పేస్ ఇంజనీరింగ్‌తో పాటు ఏవియానిక్స్ వైపు ఎలక్ట్రానిక్స్ బీటెక్ కూడా అక్కడ ఉంది. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు ఆధారంగానే సీటు ఇస్తారు కానీ దానికి వేరుగా దరఖాస్తు పెట్టాలి. ఐఐటీలకు పెట్టుకున్నాం గదా అని ఊరుకుంటే ర్యాంకు ఉన్నా పిలుపు రాదు. మార్కులు, ఖాళీలను బట్టి ఇస్రోలోకి తీసుకునే వీలు ఈ సంస్థ ప్రత్యేకత. రెండో దారి ఐఐటీలు. బొంబాయి, మద్రాసు, కాన్పూర్, ఖరగ్‌పూర్‌లలో ఏరోస్పేస్ శాఖలు దశాబ్దాలుగా ఉన్నాయి. మూడో దారి ఈఏపీసెట్ ద్వారా ఏరోనాటికల్ బ్రాంచి ఉన్న ప్రైవేటు కాలేజీలు. ఇక్కడ జాగ్రత్త కావాలి. గాలి సొరంగం, అంటే విండ్ టన్నెల్, పనిచేసే స్థితిలో ఉందా, ఇంజన్ల ల్యాబ్ ఉందా, ఆ శాఖకు గుర్తింపు ఉందా, గత రెండు బ్యాచ్‌ల పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారు? ఈ నాలుగూ వెళ్లి చూడకుండా ఫీజు కట్టవద్దు.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. మన రాష్ట్ర కౌన్సెలింగ్‌లో బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. కేంద్ర సంస్థల దగ్గర ఆ సర్టిఫికెట్టు చెల్లదు. అక్కడ కేంద్ర జాబితాను బట్టి ఓబీసీ నాన్ క్రీమీలేయర్ గాని, ఈడబ్ల్యూఎస్ గాని, కేంద్ర నమూనాలో, ఆ సంవత్సరం ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నది కావాలి. ర్యాంకు వచ్చిన తర్వాత తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగేకన్నా, ఏప్రిల్‌లోనే తీసిపెట్టుకోవడం మేలు.

ఉద్యోగాల గురించి నిజం చెప్పాలి. ఏరోస్పేస్ పట్టా చేతికొచ్చిన ప్రతివారూ ఇస్రోకు వెళతారనుకోవడం పొరపాటు. ఇస్రో దేశమంతటికీ వేసే ప్రకటనల్లో ఎక్కువగా అడిగేది ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్ శాఖలవారినే. కనుక మంచి సంస్థలో ఏరోస్పేస్ దొరికితే చేరండి, దొరక్కపోతే మంచి కాలేజీలో మెకానికల్ గాని ఎలక్ట్రానిక్స్ గాని తీసుకోండి అని పిల్లలకు మేం చెబుతున్నాం. సూర్యుడి అధ్యయనానికి పంపిన ఆదిత్య-ఎల్1 ప్రాజెక్టు డైరెక్టరు నిగార్ షాజీ గారిని చూడండి. తమిళనాడు సెంగోట్టైలో వ్యవసాయ కుటుంబంలో పుట్టారు. తిరునెల్వేలి ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదివారు. 1987లో ఉద్యోగంలో చేరింది మన శ్రీహరికోటలోనే. తర్వాత బెంగళూరు ఉపగ్రహ కేంద్రానికి వెళ్లారు. 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య, 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని తన స్థానానికి 2024 జనవరి 6న చేరింది. ‘ఆడపిల్లకు ఇంత దూరం చదువెందుకు’ అనే మాట మన మొహల్లాల్లో ఇంకా వినబడుతోంది. అలా అనేవారికి మేం ఈ ఒక్క పేరు చెప్పి ఊరుకుంటాం.

ఇస్రో కాక డీఆర్‌డీవో, హెచ్ఏఎల్, బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ ఉన్నాయి. హైదరాబాద్ పక్కన ఆదిబట్లలో టాటా, బోయింగ్ కలిసి అపాచీ హెలికాప్టర్ల కాయాన్ని తయారు చేస్తున్నాయి. ఇస్రో మాజీ ఇంజనీర్లు పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా 2018లో హైదరాబాద్‌లో పెట్టిన స్కైరూట్ సంస్థ రాకెట్ విక్రమ్-ఎస్ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి ఎగిరింది. మన దేశంలో ప్రైవేటు సంస్థ తయారుచేసి ఎగరేసిన మొదటి రాకెట్ అదే. గేట్ పరీక్షలో ఏరోస్పేస్‌కు వేరే పేపరు ఉంది. దాని ద్వారా ఎంటెక్‌లో చేరితే నెలకు రూ.12,400 స్టైపెండ్ వస్తుంది కనుక దాత భారం నాలుగేళ్లతో తీరుతుంది. అమెరికా కలలు కనేవారికి ఒక మాట. అక్కడి రాకెట్, రక్షణ సంస్థల్లో చాలా ఉద్యోగాలు చట్టం ప్రకారం ఆ దేశ పౌరులకు, శాశ్వత నివాసం పొందినవారికే ఇస్తారు. చదువు అక్కడ దొరికినంత సులువుగా ఆ ఉద్యోగం దొరకదు.

మూడో ప్రశ్న ఖర్చుది, న్యాయానిది.

ఐఐటీల్లో కుటుంబ ఆదాయం సంవత్సరానికి లక్ష రూపాయల లోపు ఉంటే ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. ఇది విని చాలామంది ‘ఇక మన సహాయం ఎందుకు’ అంటారు. మాఫీ అయ్యేది ట్యూషన్ ఫీజు. హాస్టలు, మెస్, లాప్‌టాప్, రైలు ఛార్జీలు, వేసవిలో జీతం లేకుండా శిక్షణకు వెళ్లే రెండు నెలల గది అద్దె అలాగే ఉంటాయి. పైగా సీటు కేటాయించిన తర్వాత దాన్ని ఖాయం చేసుకునే డబ్బు కట్టడానికి ఇచ్చే గడువు కొద్ది రోజులే. జూన్, జూలై నెలల్లో ఆ రోజులు వస్తాయి. గడువు దాటితే సీటు ఇంకొకరిది. ఉపకార వేతనాలు మాత్రం చాలాచోట్ల విద్యా సంవత్సరం సగం గడిచాక అందుతాయి. ఆ మధ్యకాలంలోనే పేద ఇంట్లో నగలు బయటికి వెళతాయి, వడ్డీ లోపలికి వస్తుంది. వడ్డీ వద్దనుకునే కుటుంబం బ్యాంకు విద్యారుణానికి వెళ్లదు. అటువంటి ఇంటికి మిగిలేది రెండే, ఖర్జె హసనా ఇచ్చే మనిషి లేదా సీటు వదులుకోవడం.

ఒక సంగతి చెబుతాం, పేర్లు అడగవద్దు. మన ఊళ్లో మోటారు సైకిళ్లు బాగుచేసే ఒక తండ్రి కొడుకు ఏరోస్పేస్‌లో సీటు తెచ్చుకున్నాడు. మొదటి సంవత్సరం బంధువులు తలాకొంత వేసుకుని కట్టారు. పత్రికలో ఫోటో పడింది, సన్మానం జరిగింది. రెండో సంవత్సరం ఎవరూ అడగలేదు. మూడో సంవత్సరం మెస్ బాకీ పేరుకుని, పరీక్షలకు వారం ముందు కాలేజీ హాల్ టికెట్ ఆపేసింది. ఆ పిల్లవాడు ఇంట్లో చెప్పలేదు. తండ్రికి చెబితే షెడ్డులోని కంప్రెసర్ అమ్మేస్తాడని వాడి భయం. సహ విద్యార్థి ఒకడు మాకు ఫోన్ చేశాడు. ఈ సభలోనే కూర్చున్న ఇద్దరు దాతలు మగ్రిబ్ నమాజు తర్వాత విని, ఇషా లోపల డబ్బు పంపారు. వాడు పరీక్షలు రాశాడు. ఇప్పుడు ఆఖరి సంవత్సరంలో ఉన్నాడు. వాడికి చాలింది సన్మానానికి పెట్టిన ఖర్చు కన్నా పెద్ద మొత్తమేమీ కాదు. కానీ ఆ ఫోన్ రాకపోయి ఉంటే మూడేళ్ల చదువు, అందరూ వేసిన డబ్బు, అంతా నీళ్లపాలయ్యేది.

కనుక న్యాయం గురించి మా జవాబు ఇది. ఐటీఐ చదివే పిల్లలకు ఇస్తున్న సహాయంలో ఒక్క రూపాయి తగ్గించి దీనికి మళ్లించాలని మేం అడగడం లేదు. ఆ పిల్లలు రెండేళ్లలో ఇంటికి అన్నం పెడతారు, వారి హక్కు ముందుది. ఈ చదువుకు వేరే నిధి ఉండాలి. అది తక్కువమందికే, కానీ పూర్తిగా ఇవ్వాలి. పదిమందికి ఒక్కో సంవత్సరం ఇచ్చి మధ్యలో వదలడం కన్నా ఇద్దరిని నాలుగేళ్లూ నడిపించడం మేలు. నాలుగంతస్తుల మిద్దెకు పునాదులు పది వేసి గోడలు లేపకపోతే ఎవరూ అందులో కాపురం ఉండలేరు.

దాతలను మేం అడిగేవి నాలుగు.

మొదటిది, జూన్ నిధి. మే నెలాఖరుకే బ్యాంకులో సిద్ధంగా ఉండాలి. సీటు వచ్చిన రోజు దరఖాస్తు, రెండో రోజు డబ్బు. విచారణ అంతా అంతకుముందే, ఇంటర్ పరీక్షలు అయిన వెంటనే పూర్తి చేస్తాం.

రెండోది, నాలుగేళ్ల మాట. ఒక్కరే మోయనక్కరలేదు. ఐదు కుటుంబాలు కలిసి ఒక విద్యార్థిని తీసుకోండి. ఒకరికి వ్యాపారం దెబ్బతిన్నా మిగిలిన నలుగురూ ఆపకుండా నడిపిస్తారు. జకాత్ సొమ్ము ఏ విద్యార్థికి, ఏ పద్ధతిలో చెల్లుతుందో ఉలమాల సలహా తీసుకుని ఆ లెక్క వేరుగా ఉంచుతాం. సదఖా, ఖర్జె హసనా, మామూలు విరాళాలకు వేరే ఖాతాలు.

మూడోది, మీ సమయం. ఈ చదువుకు బీజం ఇంటర్‌లో పడదు, ఎనిమిదో తరగతి గణితంలో పడుతుంది. మనలో రిటైరైన ఉపాధ్యాయులు, ఇంజనీర్లు ఉన్నారు. వారానికి రెండు సాయంత్రాలు సంఘం గదిలో లెక్కలు, ఇంగ్లిషు చెబితే చాలు. ఆడపిల్లలకు వేరే సమయం పెడతాం. శ్రీహరికోటలో ప్రయోగాలు చూడటానికి ఇస్రో కట్టిన గ్యాలరీ ఉంది. పేరు నమోదు చేసుకుని అక్కడికి పిల్లలను తీసుకెళ్లే బస్సుకు ఒకరు డీజిలు పోయించండి.

నాలుగోది, ఫలితం కోసం ఓపిక. ఇది కష్టమైన చదువు. మొదటి సంవత్సరం ఒక సబ్జెక్టు పోయిందని సహాయం ఆపవద్దు. మార్కుల జాబితా ప్రతి సెమిస్టరుకూ మేం తెప్పించుకుంటాం, తగ్గితే పిలిచి మాట్లాడతాం, కావలసిన చోట ట్యూషన్ పెట్టిస్తాం. నిర్లక్ష్యం వేరు, తడబాటు వేరు. ఆ తేడా చూసే బాధ్యత మాది.

విద్యార్థులకు కూడా ఒక మాట. కలామ్ గారు చదువుకునేటప్పుడు తనకప్పగించిన యుద్ధవిమానం డిజైన్ పనిలో వెనుకబడితే, మూడు రోజుల్లో పూర్తిచేయకపోతే స్కాలర్‌షిప్ ఆగిపోతుందని ప్రొఫెసర్ శ్రీనివాసన్ హెచ్చరించారు. ఆయన రాత్రి భోజనం మాని, డ్రాయింగ్ బోర్డు ముందు కూర్చుని గడువులోగా పూర్తిచేశారు. ఆ స్కాలర్‌షిప్పే ఆయన చదువుకు ఆధారం. మీకు అందే డబ్బు వెనుక ఎవరో ఒకరు పండుగకు కొనుక్కోని బట్టలున్నాయి, వాయిదా వేసుకున్న ఇంటి మరమ్మతు ఉంది. దాన్ని తిరిగి ఇవ్వమని మేం అడగం. సెలవుల్లో వచ్చి ఎనిమిదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పండి. ఉద్యోగం వచ్చిన తర్వాత ఐదు కుటుంబాల్లో ఆరో కుటుంబంగా చేరండి.

తల్లిదండ్రులకు చివరి మనవి. డబ్బు లేదని పిల్లల ముందు చదువుకు అడ్డం చెప్పకండి. ముందు మా దగ్గరకు రండి. సీటు వచ్చాక కాదు, పరీక్షకు దరఖాస్తు పెట్టే రోజే రండి. మీ గౌరవానికి భంగం రాకుండా, పేరు బయటపడకుండా చూసుకునే పూచీ మాది.

వచ్చే మే నెలాఖరుకు జూన్ నిధి నిండాలి. బయటికి వెళ్లే దారిలో రిజిస్టరు ఉంది. ఎంత ఇస్తారో రాయకపోయినా ఫరవాలేదు, ఎన్నేళ్లు ఇస్తారో రాయండి.